నా సంచిలో రెండు పవర్ బ్యాంకులు

దెయ్యాల సంగతి అటుంచండి, నేను దిష్టి కూడా నమ్మను. మా అమ్మాయి సాహి చిన్నప్పుడు మా అమ్మ ఫోన్ చేసి "పిల్లకి ఉప్పు దిగదుడిచి పడేయవే" అంటే ఊఁ కొట్టి ఊరుకునేదాన్ని. ఇంట్లో చప్పుడైతే ఎలుకేమోనని వెతికే రకాన్ని. అయినా మేము అమెరికాలో, చాండ్లర్ అనే ఎడారి ఊళ్ళో ఉన్న రోజుల్లో నాకొకటి జరిగింది. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మడం మీ ఇష్టం.

ముందు సుధ గురించి చెప్పాలి. మా వీధిలోనే ఉండేది, నన్ను అక్కా అని పిలిచేది. పిక్నిక్‌కి వెళ్ళినా, పిల్లల డాన్స్ ప్రోగ్రామ్‌కి వెళ్ళినా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో లేని వస్తువు ఉండేది కాదు. తలనొప్పి మాత్రలు, పిన్నీసులు, అన్నిటికీ మించి ఒక పవర్ బ్యాంక్. తెల్లది, అంచులు మాసిపోయి ఉండేది. కేబుల్‌ని చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసేది. అప్పట్లో ఫోన్లు మధ్యాహ్నానికల్లా చచ్చిపోయేవి. అందరూ "సుధా, కాస్త ఛార్జింగ్ పెట్టవా" అంటూ ఆవిడ చుట్టూ మూగేవాళ్ళు.

మా సాహి అందరికంటే ముందుండేది. అప్పటికి ఆరో గ్రేడు. నా పాత ఫోన్ దానికిచ్చాను. అది పట్టుకుని సుధ ఆంటీ పక్కన చేరేది. ఛార్జ్ ఎక్కినంతసేపూ కబుర్లే. నాకు చెప్పని స్కూలు సంగతులన్నీ ఆవిడకి చెప్పేది. ఓసారి కార్‌లో, "అమ్మా, యూ నెవర్ హావ్ ఎనీథింగ్. సుధ ఆంటీ దగ్గర ఆల్వేస్ ఉంటుంది" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుళ్ళే, కాదని ఎందుకు చెప్పాలి? నా కడుపున పుట్టిన పిల్ల ఇంకొకావిడ సంచి వంక ఆశగా చూస్తుంటే మీకైతే మండదా?

మర్నాడే షాపుకి వెళ్ళి ఆవిడ దానికంటే పెద్ద పవర్ బ్యాంక్ కొన్నాను. నల్లగా, ఇటుకలాగా బరువుండేది. ఎప్పుడూ నిండా ఛార్జ్ చేసి బ్యాగ్‌లో వేసుకునేదాన్ని. సాహి ఒక్కసారి కూడా అడగలేదు. దాని కాళ్ళు వాటంతటవే ఆంటీ దగ్గరికి పోయేవి.

ఆ చలికాలంలో ఒక ఆదివారం మూడు కుటుంబాలవాళ్ళం కలిసి ఊరి బయట కొండల్లోకి హైకింగ్‌కి వెళ్ళాం. సుధకి మోకాలు నొప్పి, కింద పిక్నిక్ టేబుల్ దగ్గరే ఉండిపోతానంది. మేము బయల్దేరుతుంటే తన పవర్ బ్యాంక్ తీసి సాహి చేతిలో పెట్టింది. "ఫోటోలు తీస్తే ఛార్జింగ్ అయిపోతుందిరా, దగ్గరుంచుకో" అని బటన్ నొక్కి చూపించింది. నాలుగు నీలం దీపాలూ వెలిగాయి.

నేను దాన్ని సాహి చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. "నా దగ్గరుందిలే సుధా. తల్లిని, పక్కనే ఉంటాను కదా" అని నాదీ ఆవిడదీ రెండూ నా భుజం సంచిలో పడేసి జిప్పు వేశాను. సాహి మూతి ముడుచుకుని ముందుకు పరిగెత్తింది.

అలా వెళ్ళిన పిల్ల దారి చీలినచోట తప్పు దారి పట్టింది. మేము పైకి చేరేసరికి లేదు. మిగతా పిల్లలు మాతోనే ఉందనుకున్నారట. ఎంత పిలిచినా పలకలేదు. అప్పుడు నా ఫోన్ మోగింది.

"అమ్మా, ఐ కాంట్ సీ ఎనీబడీ. అన్నీ కాక్టస్‌లే ఉన్నాయి. ఫోన్ టూ పర్సెంటే ఉంది."

మా ఆయన ఫోన్ అందుకుని, "సాహీ, ఉన్నచోటే కూర్చో. ఇది కట్ చేసి 911కి కాల్ చేయి, నువ్వెక్కడున్నావో వాళ్ళకి తెలుస్తుంది" అన్నారు. తర్వాత మేమూ 911కి ఫోన్ చేశాం. "పిల్ల మాతో లైన్‌లోనే ఉంది, మనుషులు బయల్దేరారు, ఫోన్ మాత్రం ఆగిపోకూడదు" అన్నారు వాళ్ళు. ఎండ దిగిపోతోంది. అక్కడ చీకటి పడితే చలి ఎముకలు కొరుకుతుంది. దాని ఒంటిమీద ఉన్నది పల్చటి టీషర్టు.

రెండు పర్సెంట్ ఎంతసేపు ఉంటుంది? మా ఆయన కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఇంజనీరు. ఆయన మొహం చూస్తే నాకు జవాబు తెలిసిపోయింది. దేవుడా, నా పిల్ల, నా పిల్ల అంటూ సంచిని గుండెకేసి అదుముకుని కూలబడ్డాను.

సంచి వెచ్చగా తగిలింది. ఎండ వల్లేమో అనుకున్నాను. కాసేపటికి చురుక్కుమంది. జిప్పు తీశాను. సుధ పవర్ బ్యాంక్ వెలుగుతోంది. దానికి ఏమీ తగిలించి లేదు. కేబుల్ రబ్బరు బ్యాండుతో చుట్టచుట్టి పక్కనే ఉంది. మూడు దీపాలున్నాయి. నేను చూస్తుండగానే మూడోది కొట్టుకుని ఆరిపోయింది. మా ఆయనకి చూపించాను. "ఇప్పుడదెందుకు?" అని విసుక్కున్నారు.

చివరి దీపం ఆరిన కాసేపటికి పిల్ల దొరికిందని ఫోన్ వచ్చింది.

ఎండిపోయిన వాగు ఒడ్డున బండ కింద కూర్చుని ఉందట. అంతసేపూ ఆపరేటర్ దానితో మాట్లాడుతూనే ఉందట, ఒక్కసారి కూడా లైన్ కట్ కాలేదు. దాన్ని వాటేసుకుని ఏడ్చాక ఫోన్ తీసి చూశాను. సగానికి పైగా ఛార్జ్ ఉంది. "ఛార్జింగ్ సింబల్ వచ్చిందమ్మా. ఐ డిడ్ నథింగ్" అంది.

మా ఆయన దగ్గర రెండిటికీ కారణాలున్నాయి. పవర్ బ్యాంక్ లోపల ఎక్కడో షార్ట్ అయి వేడెక్కి ఖాళీ అయిందట. ఫోన్ పాతది కాబట్టి పర్సెంట్ తప్పు చూపించిందట. సరే, ఒప్పుకుంటాను. రెండూ ఒకే సాయంత్రం, ఒకే సమయంలోనా అంటే మాత్రం "కాకతాళీయం" అనేసి లేచిపోతారు. ఆ షార్ట్ అయిన పవర్ బ్యాంక్‌నే సుధ ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాడింది. మళ్ళీ ఎప్పుడూ అలా కాలేదు.

ఆ సాయంత్రం తిరిగిచ్చినప్పుడు ఆవిడ అలవాటుగా బటన్ నొక్కి చూసింది. "అదేంటక్కా, పొద్దున్నే నిండా ఎక్కించానే! మొత్తం ఊడ్చేశారా?" అని నవ్వింది. అంతలోనే సాహి తల నిమురుతూ, "దీనికే కదా, పోన్లెండి" అంది. నేను అవునన్నాను. ఇంకేం చెప్పను?

ఇంటికెళ్ళాక నా నల్లదాన్ని తీసి బటన్ నొక్కాను. నాలుగు దీపాలూ నిక్షేపంలా వెలిగాయి.

కేబుల్ లేకుండా ఛార్జ్ ఎలా పోయిందో, అంత దూరంలో ఎలా ఎక్కిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోతే పోయింది, పిల్ల దక్కింది. కానీ ఆ రోజు రెండూ ఒకే సంచిలో, ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. సంచిని గుండెకేసుకుని ఏడ్చింది నేను. సుధ కింద టేబుల్ దగ్గర కమలాలు ఒలుస్తోంది, సాహి తప్పిపోయిందని కూడా అప్పటికి ఆవిడకి తెలియదు. మరి ఆవిడ దాంట్లోదే పిల్ల ఫోన్‌కి ఎందుకు ఎక్కింది? కన్నతల్లిని నేనైతే, నా దాంట్లో ఒక్క దీపమైనా ఎందుకు తగ్గలేదు?