పుస్తకంలో లేని శిక్ష

దయ్యాలూ చేతబడులూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. గాజువాక దగ్గర ఒక ఫౌండ్రీ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. కరిగిన ఇనుము ఎంత వేడి మీద ఉందో చూసి రాయడం నా ఉద్యోగం. మీటరు చూపించనిది నేను నమ్మను. మిమ్మల్ని నమ్మించాలని కూడా ఇది రాయడం లేదు.

అమ్మ నా ఐదో ఏట పోయింది. మరుసటేడు నాన్న పిన్నిని చేసుకున్నారు. పిన్ని నన్ను పస్తు పెట్టలేదు, బడి మాన్పించలేదు. చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. తొమ్మిదేళ్లప్పుడు కథల పుస్తకంలో పడి, పొయ్యి మీద పాలు పొంగిపోవడం చూసుకోలేదు. అట్లకాడ కాల్చి నా అరికాలికి వాత పెట్టింది. "సదువుతావా? సదువు" అంది. నాన్న పక్క గదిలోనే ఉన్నారు.

పుస్తకాలు మాత్రం మానలేదు. ఇప్పుడు నేను చదివేవి ఇంగ్లీషు ఫాంటసీ నవలలు. చిన్నప్పటి రాజకుమారి కథల్నే తిరగేసి కొత్తగా రాసినవి. నాకు వాటి మీద పిచ్చి. ఒక్కటే నచ్చదు. వాటిలో సవతి తల్లికి కూడా ఒక గతం ఉంటుంది. ఆమెనీ ఎవరో కొట్టి ఉంటారు. చివరికొచ్చేసరికి మనం ఆమె మీద జాలిపడాలి.

కిందటేడు పిన్నికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. నాన్న అప్పటికే లేరు. పిన్ని కన్న కూతురు సునీత మధురవాడలో ఉంటుంది. వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. "కొన్నాళ్లు నీ దగ్గరుంచక్కా" అంది. తీసుకొచ్చాను. సవతి తల్లిని ఇంత బాగా ఎవరు చూస్తారని అందరూ మెచ్చుకున్నారు. పగటిపూట చూసుకోడానికి సబ్బవరం నుంచి పైడమ్మ అనే ఆవిడ వచ్చేది. యాభై ఏళ్లుంటాయి. నెమ్మదస్తురాలు.

రోజూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నాడు డాక్టరు. పిన్నితో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. అందుకని నవల తీసి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెబుతూ పోయాను. మొదటి నాలుగు రోజులూ డాక్టరు చెప్పాడని చదివాను. తరవాత నా కోసం చదివాను. సవతి కూతురి కష్టాలు వచ్చినప్పుడల్లా ఆగి, పిన్ని మొహం చూసేదాన్ని.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆఖరి అధ్యాయానికి వచ్చాం. సవతి కూతురు ఇప్పుడు రాణి. ముసలి సవతి తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. రాణి ఆమెని లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుంటుంది. పుస్తకంలో ఉన్నది అది.

నేను అది చదవలేదు. పేజీ మీదనుంచి చూపు తీయకుండా వేరేది చెప్పాను. రాణి కమ్మరిని పిలిపించిందన్నాను. ఇనప చెప్పులు చేయించిందన్నాను, ఒక్కోదానికి రెండేసి పట్టీలు. కొలిమిలో ఎర్రగా కాల్చి, సవతి తల్లి పాదాలకి తనే తొడిగి, పట్టీలు బిగించి, పడిపోయేదాకా నడిపించిందన్నాను. ఇనుము ముందు ఏ రంగులోకి వస్తుందో, తరవాత ఏ రంగులోకి మారుతుందో కూడా చెప్పాను. అది నాకు బాగా తెలిసిన విషయం కదా. పిన్ని ఎడమచెయ్యి దుప్పటిని గట్టిగా పట్టుకుంది. నాకు హాయిగా అనిపించింది.

సాయంత్రం పైడమ్మ ఎప్పటిలాగే పిన్ని కాళ్లు కడిగి వెళ్లింది. నీళ్లలో నేను చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న పైడమ్మ వచ్చి దుప్పటి తీసి కేకేసింది.

"ఓలమ్మో! అమ్మా, ఇలా రండి!"

రెండు అరికాళ్లూ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బొబ్బలు. పాదాల పైన, ఒక్కోదానికి అడ్డంగా రెండేసి చారలు, వేలు వెడల్పున. ఫౌండ్రీలో కాలిన ఒళ్లు ఎన్నిసార్లో చూశాను. ఇవి మంచాన పడ్డవాళ్లకి వచ్చే పుళ్లు కావు, కాలినవే. పక్కబట్ట మీద మచ్చ లేదు. గదిలో హీటరు లేదు. రాత్రి ఇంట్లో ఉన్నది నేనూ పిన్నే. నేను ఆమె గదిలోకి వెళ్లలేదు.

"వేడి తగిలిందమ్మా" అన్నాడు డాక్టరు. చారల సంగతి అడిగితే మళ్లీ వంగి చూశాడు. "నాకూ అర్థం కావడం లేదు" అన్నాడు.

సునీత ఏడుస్తూ వచ్చింది.

"నిన్న కాళ్లెవులు కడిగినారు?"

"నానేనమ్మా" అంది పైడమ్మ. "గోరెచ్చని నీలే పోసినాను. అమ్మగారు సెయ్యెట్టి సూసినారు కూడా. సెప్పండమ్మా."

ఇద్దరూ నా వైపు చూశారు.

"నేను ఫోన్‌లో ఉన్నాను. చూడలేదు" అన్నాను.

పైడమ్మ టిఫిన్ క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది. మా వీధిలో ఆమె సాయంత్రాలు పనిచేసే ఇంకో ఇంటికి సునీత స్వయంగా వెళ్లి చెప్పొచ్చింది. వాళ్లూ మాన్పించేశారు.

పిన్నికి షుగరు. గాయాలు మానలేదు. సెలవు పెట్టి నేనే కట్లు మార్చేదాన్ని. మూడోవారం, నేను చెప్పిందే జరిగిందేమోనని నాకు భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం నవల తీసి, ఆఖరి అధ్యాయం ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. రాణి పిలిచింది, నీళ్లిచ్చింది, పక్కన కూర్చోబెట్టుకుంది.

పుస్తకం మూశాను. ఆరు నెలలుగా మూలుగు తప్ప మాట లేని పిన్ని నా కళ్లలోకి చూసింది.

"అలా నేదు, పిల్లా" అంది.

పాత గొంతే. ఎక్కడా తడబడలేదు. ఆమెకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆమెకి తెలిసిన ముగింపు నేను మొదట చెప్పిందే. ఆ తరవాత మళ్లీ మాట్లాడలేదు. తొమ్మిదో రోజున పోయింది. కట్లతోనే తీసుకెళ్లాం.

పక్షవాతం వచ్చినవాళ్లకి ఎప్పుడైనా ఒక మాట తిరిగి వస్తుందట. అది ఒప్పుకుంటాను. ఆ కాళ్లు ఎలా కాలాయో మాత్రం ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు. పైడమ్మ కాల్చలేదన్నది ఒక్కటే గట్టిగా తెలుసు. సునీతకి ఆ మాట ఇప్పటిదాకా చెప్పలేదు.