తొంభై దాటితే వణుకు

ఆ వీధిలో మూడు షెడ్లున్నా, బండికి ఏ జబ్బు చేసినా జనం ముందు పోయేది చెవుల మేస్త్రీ దగ్గరికే. అతని చెవులు పెద్దవేం కావు. ఇంజను స్టార్టు చేయించి, షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని వింటాడు. ఆ తర్వాత వాటర్ పంపు బేరింగు అనో, సైలెన్సర్ బిగింపు అనో తీర్పు చెబుతాడు. పదింట ఎనిమిదిసార్లు అది నిజమయ్యేది. మిగతా రెండుసార్లు తప్పు బండిదేనని తేల్చేవాడు.

అంతటి మనిషికీ ఒక గుట్టు ఉంది. వేగమంటే అతనికి చచ్చేంత భయం. బాగుచేసిన బండిని వీధి మలుపు దాకా రెండో గేరులో తీసుకెళ్లి, అలాగే వెనక్కి తెచ్చేవాడు. ఎవరైనా హైవే మీద ఒకసారి చూద్దామంటే, వేగంలో గాలి మాట్లాడుతుంది గానీ బండి మాట్లాడదనేవాడు. ఆ మాటలో లోతెంతో ఎవరికీ అంతుపట్టకపోవడంతో అది సూక్తిగా చెలామణి అయింది. బస్సెక్కితే దిగేదాకా అతను తన చేతిసంచి పట్టుకుని వదలడన్న సంగతి భార్యకొక్కదానికే తెలుసు. ఆమెది పక్కనే స్పేర్ పార్టుల కొట్టు. ఇంటి గుట్టు బయటపడితే కొట్టుకే చేటని ఊరుకునేది.

ఇలా సాగిపోతుండగా ఒకనాడు పశువుల డాక్టరమ్మ తన ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు తెచ్చి గుమ్మంలో నిలిపింది. కొండల మీది పశువుల పాకలకు రాళ్లలో, బురదలో పోవలసిన మనిషాయె, నాలుగు చక్రాలూ లాగే బండి కొనుక్కుంది. ఎనభై దాకా బండి బుద్ధిగానే ఉంటుందట. తొంభై దగ్గర మాత్రం ఒళ్లంతా వణుకు పుడుతుందట. వేగం తగ్గిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు పోతుందట.

మేస్త్రీ కుర్చీ వేసుకుని కళ్లు మూసుకున్నాడు. నిలబడి ఉన్న జీపు పిల్లిలా గుర్రుమంటోంది. వినడానికి అందులో ఏమీ లేదు. కానీ ఏమీ లేదంటే పరువు దక్కదు. చక్రాల బ్యాలెన్సు పోయిందన్నాడు.

ఎదురుగా టైర్ల షాపు అతని బావమరిదిది. అతను చక్రాలు విప్పి, రిమ్ముల లోపల గట్టిపడిన బురద గోకి, మిషను మీద తిప్పి, సీసం ముక్కలు తగిలించి, బావ చెప్పాక ఇక తిరుగుండదన్నాడు. మర్నాడు డాక్టరమ్మ తిరిగొచ్చింది. వణుకు ఉన్నచోటే ఉంది. మేస్త్రీ ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు కళ్లు మూసుకుని అలైన్‌మెంటు అన్నాడు. అదీ బావమరిదే చేశాడు. తర్వాత ఇంజను కింది రబ్బరు దిమ్మలన్నాడు. అవి భార్య కొట్టులో ఉన్నాయి. తర్వాత ముందు చక్రాల బేరింగులన్నాడు. అవీ ఉన్నాయి. చుట్టాల్లో ఎవరి దగ్గర ఏ సామానుందో ఆ వరసలోనే తన జీపుకు జబ్బులు బయటపడుతున్నాయని డాక్టరమ్మ గమనించింది.

చుట్టాలు అయిపోయారు. ఇక మిగిలింది రోడ్డు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, హైవే మీద తారే అలలు అలలుగా వేశారని మేస్త్రీ నెపం దాని మీదికి నెట్టాడు. అదే హైవే మీద తన అక్క కారు ఎందుకు వణకదని ఆమె అడిగింది.

"మేస్త్రీ గారూ, నా రోగులకూ నోరుండదు. కుంటే గేదెను కట్టుకొయ్య దగ్గర నిలబెట్టి చూస్తే నాకేం తెలుస్తుంది? నడిపించి చూస్తాను. ఎక్కండి," అంది.

చేతినిండా పని ఉందంటూ మేస్త్రీ ఆశగా కొట్టు వైపు చూశాడు. కొట్టులో కౌంటరు తుడుస్తున్న భార్యకు జబ్బు తేలకపోతే బిగించిన బేరింగులన్నీ వాపసు వస్తాయేమోనని దిగులు పట్టుకుని ఉంది.

"షెడ్డు నేను చూసుకుంటాలెండి. వెళ్లిరండి," అంది.

హైవే ఎక్కాక అరవై దగ్గర మేస్త్రీ డాష్‌బోర్డు పట్టుకున్నాడు. డెబ్బై దగ్గర కళ్లు మూసుకున్నాడు. అది ఏకాగ్రత కాబోలనుకుని డాక్టరమ్మ మాటలు ఆపేసింది. తొంభై దగ్గర వణుకు మొదలైంది. వచ్చిన చిక్కల్లా, వణుకుతున్నది జీపో తానో మేస్త్రీకి తేలలేదు.

వచ్చిందా అని ఆమె అడిగింది.

"ఎప్పుడో వచ్చిందమ్మా," అన్నాడు.

భయంలో చేయి ఏదో ఒక ఆధారం కోసం తడుముకుంటూ పోయి స్టీరింగుకు తగిలింది. స్టీరింగు నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. వణుకంతా సీటులోంచీ, పాదాల కింది రేకులోంచీ వస్తోంది. ముందు చక్రాల జబ్బయితే ముందు చేతికే తెలియాలి కదా. అంటే ఇన్నాళ్లూ నడుం నొప్పికి తలకు మందు రాశారన్నమాట. భయం ఎక్కడికీ పోలేదు గానీ, దాని పక్కన పనివాడొకడు లేచి కూర్చున్నాడు. కళ్లు తెరవకుండానే, గేరు తీసి న్యూట్రల్‌లో పోనిమ్మన్నాడు. ఇంజను రొద సద్దుమణిగింది. వణుకు మాత్రం తగ్గలేదు. అయితే ఇంజనూ కాదు. చక్రాలతో పాటు తిరిగేదేదో, బండి నడుం కింద ఉండేదే అయి ఉండాలి.

"ప్రొపెల్లర్ షాఫ్టమ్మా, వెనకది. తెలిసిపోయింది. ఇక మెల్లగా పోనివ్వు తల్లీ," అన్నాడు.

షెడ్డుకు రాగానే జీపు కింద దూరాడు. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల దాకా తిరిగే ఆ పొడవాటి ఇనుప గొట్టం రెండు ముక్కలు. ఒకటి ఇంకొకదానిలోకి దూరుతుంది. రెంటి మీదా బాణం గుర్తులుంటాయి, బిగించేటప్పుడు అవి ఎదురెదురుగా రావాలి. గ్రీజు తుడిచి చూస్తే అవి అలిగిన ఆలుమగల్లా చెరోవైపుకు ముఖం తిప్పుకుని ఉన్నాయి. మేస్త్రీకి పట్టరాని సంతోషం కలిగింది.

"కళ్లున్నవాడెవడూ ఇలా బిగించడమ్మా. వాడెవడో గానీ, ముందు వాడి చేతికి స్పానరిచ్చినవాణ్ని అనాలి," అన్నాడు.

బావమరిదితో పాటు వీధిలో నలుగురూ పోగయ్యేసరికి ఇంకా రెచ్చిపోయాడు. ఆ పనివాడి బుద్ధినీ, పని నేర్పిన గురువునూ, కన్నవాళ్లనూ వరసపెట్టి తలచుకున్నాడు. డాక్టరమ్మ ఓపిగ్గా వింది. అతను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు వంగి, అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది.

"వానలకు ముందు దీని జాయింట్లు మార్చింది మీరే మేస్త్రీ గారూ."

నోట్లో వెలక్కాయ పడ్డవాడు ఎలా ఉంటాడో పైకి కనబడలేదు గానీ, బయటికి చాచి ఉన్న పాదాలు రెండూ మెల్లగా లోపలికి పోయాయి. జీపు కిందినుంచి, అవునమ్మా అన్న మాట వచ్చింది. చేరిన నలుగురూ ఎటువాళ్లటు పోయేదాకా మేస్త్రీ బయటికి రాలేదు. షాఫ్టు విప్పి, బాణాలు కలిపి, ఒకటికి రెండుసార్లు తడిమి చూసి బిగించాడు.

పరీక్షకు పిలవకముందే తనే వచ్చి ముందు సీటులో కూర్చున్నాడు. ఈసారి తొంభై దాటినా సీటు కదల్లేదు. ఇప్పుడు వణుకుతున్నది తానొక్కడేనని అతనికి స్పష్టంగా తెలిసింది. డాక్టరమ్మకూ తెలిసింది. యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేసి, తిరుగుదారిలో జీపును పాత రోడ్డు మీదుగా నింపాదిగా తీసుకొచ్చింది.

టీ దుకాణం దగ్గర మేస్త్రీ ఈ కథ చాలాసార్లు చెప్పాడు. తొంభైలో పోతూ కళ్లు మూసుకుని జబ్బు పట్టేసిన ముక్క నిజమే కాబట్టి ఉన్నదున్నట్టే చెప్పేవాడు. షాఫ్టు తప్పు బిగించినవాణ్ని మాత్రం పొరుగూరి మెకానిక్‌ను చేశాడు. కొన్నాళ్లకే ఆ లేని మనిషి పేరు చుట్టుపక్కల మోగిపోయింది. వాడి షెడ్డు వైపు పోవద్దని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాడు పట్టపగలే కునికిపాట్లు పడుతూ పనిచేస్తాడని ఎవరో కనిపెట్టారు. చివరికి ఒక లారీ యజమాని వచ్చి, తానూ వాడి చేతిలోనే పడి మునిగిపోయానని మొరపెట్టుకున్నాడు.

కొట్టులోంచి మేస్త్రీ భార్య తలెత్తి చూసింది. మేస్త్రీ ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి ఇచ్చాడు.

"మరీ అంత చెడ్డవాడేం కాదండీ వాడు. కాస్త తొందర మనిషి, అంతే," అన్నాడు.