ఇంజన్ మీద జాలి

మణుగూరులో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కనే మా ఇల్లు. అలాంటి చోట ఉంటూ ముచ్చటపడి స్పీడు కారు కొన్నాను. నా తిక్క అలాంటిది. ఎయిర్ ఫిల్టర్ మార్చాల్సి వచ్చినప్పుడు తల పట్టుకున్నాను. కాటన్ ఫిల్టర్ వేస్తే గాలి బాగా అందుతుంది, కారు దూకుతుంది, కానీ సన్నటి దుమ్ము కూడా లోపలికి పోతుందని భయం. పేపర్ ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది, జోరు కాస్త తగ్గుతుంది. రోజుల తరబడి తేల్చుకోలేక, చివరికి ఇంజన్ మీద జాలితో పేపర్‌దే తెచ్చాను.

పాతది విప్పి గోడకేసి కొడితే నల్లటి పొడి కుప్పగా రాలింది. బట్టలు ఆరేస్తున్న నా భార్య దగ్గుకుంటూ వచ్చి చూసింది.

"గిదంతా ఎన్ని రోజులదయ్యా?"

"మొన్న దసరాకు ఏసిందే గద," అన్నాను చిరాగ్గా.

"మరి మనం ఈ ఊరికొచ్చి ఎన్నేండ్లాయె?" అంది, గుండె మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ దగ్గుతూ.