మూల అద్దం లెక్క

సకల జనుల సమ్మెతో బడులు మూతపడి మూడు వారాలైంది. నర్మెట్టలో యూసుఫ్ జిరాక్స్ దుకాణం నడిపేది ఆయన బిడ్డ అమ్రీన్. డిగ్రీ రెండో ఏడుతోనే ఆగిపోయిన మనిషి. బడి లేని పిల్లలకు లెక్కలు చెప్పేందుకు దుకాణంలో ఉన్న రెండు పాత కంప్యూటర్లను వైరుతో కలిపింది. ఇటు గీసిన గీత అటు తెర మీదా పడుతుంది. ఒక్కోదాని ముందు ఇద్దరు పిల్లలు కూర్చుని అందరూ కలిసి ఒకే లెక్క చేయాలి. ఆమె పెట్టిన కట్టుబాటు ఒక్కటే: ఎదుటివాళ్ళు రాసింది తుడిస్తే, ఎందుకో చూపించాలి.

తండా నుంచి వచ్చే సుమ పదిహేను రోజులుగా మౌస్ ముట్టలేదు. ఆ పొద్దున ఆమె నాయనమ్మ మోతీబాయి దుకాణం మెట్టెక్కింది.

"రేపటి సంది పత్తి ఏర తోల్కపోత బిడ్డా. ఈడ డబ్బ జూసుకుంట కూసునుడే గద."

"గీ ఒక్క లెక్క అయ్యేదాంక ఆగు అవ్వా," అంది అమ్రీన్. అన్నదే గానీ నమ్మకం లేదు.

చదరపు గుడ్డ అంచున ఒక్కో వైపు పన్నెండద్దాలు కుట్టాలి. మూలల్లోనూ అద్దాలుండాలి. మొత్తం ఎన్ని?

అటు తెర దగ్గరి కుమార్ టక్కున నలభై ఎనిమిది రాశాడు. అమ్రీన్ చేతిలోని జవాబు చీటీలోనూ అదే ఉంది.

ఆ అంకె మాయమైంది.

"ఎవలు తుడిచిన్రు?" కుమార్ లేచాడు. "లెక్క దెల్వకుంటె ఊకోవాలె. ఎందుకో చూపియ్యి మల్ల."

మౌస్ మీద సుమ చెయ్యి ఉంది. మూలలో ఒక చుక్క పెట్టి, అంచు వెంట పదకొండు దాకా పోయి, రెండో మూలకు ముందే ఆగింది. రెండో వైపును ఆ మూల నుంచి మొదలుపెట్టింది. అట్లాగే నాలుగు వైపులూ. రోడ్డు మీద ర్యాలీ పోతున్నా లోపల ఎవరూ తల తిప్పలేదు. అటు తెర మీద ఎవరూ ముట్టకుండానే చుక్కలు ఒక్కొక్కటే పొడుస్తుంటే, కుమార్ గొంతు తగ్గించి లెక్కపెట్టాడు. నలభై నాలుగు.

అమ్రీన్ తన చీటీ మళ్ళీ చూసుకుంది. మూల అద్దం రెండు వైపులదీ. తను రెండుసార్లు లెక్కేసింది. నోరు మెదపని పిల్ల, ఒక్క మాట లేకుండా, తన తప్పును రెండు తెరల మీద ఒకేసారి దిద్దింది.

"నా చీటీల తప్పుంది అవ్వా. నీ మనుమరాలిదే ఒప్పు."

"మూల కాంచి కుడితె గంతే అయితయి. గిదేం పెద్ద విద్దె?" అంది మోతీబాయి. చూపు మాత్రం అటు తెర మీదే. దగ్గరికి పోయి తెర మీది చుక్కను వేలితో తాకింది. "ఆడ వెడితె ఈడికెట్ల వచ్చింది?"

"వైరుల కెళ్లి."

మోతీబాయి కళ్ళతోనే ఆ వైరు వెంట రెండో కంప్యూటర్ దాకా పోయింది.

"కరెంటు రోజు ఎప్పటిదాంక ఉంటది?"

"పదకొండింటి దాంక."

"గట్లయితె పదకొండు దాటినంక వస్తది పత్తికి," అని మోతీబాయి బల్ల మీద కూర్చుంది. "ఇంకో లెక్క ఎయ్యమను."