మామయ్య చూసి కొన్న లాప్‌టాప్

అతను నీటి బిల్లుల ఆఫీసులో మూడో కౌంటర్ గుమాస్తా. పందొమ్మిదేళ్లుగా చేసేది ఒకటే పని. అద్దానికున్న చిన్న కంతలోంచి జనం లోపలికి తోసిన బిల్లు మీది నంబరు కొట్టాలి, మూడుసార్లు ఎంటర్ నొక్కాలి, ప్రింటర్‌లోంచి వచ్చిన రసీదు చింపి ఇవ్వాలి. ఆ ఒక్క తెర తప్ప కంప్యూటర్‌లో ఇంకేముంటుందో అతనికి తెలియదు. తెర బిగుసుకుపోతే రెండు చేతులూ వెనక్కి తీసేసుకుని, పై అంతస్తులో ఉండే మెకానిక్‌కి ఫోన్ చేస్తాడు.

చుట్టాల్లో మాత్రం అతను కంప్యూటర్ మామయ్య. ఆ పేరు వచ్చిన తీరు తలుచుకుంటే అతనికే సిగ్గు. ఎప్పుడో పెదనాన్నగారింట్లో కంప్యూటర్ ఆన్ కావడం లేదని అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, అతను బల్ల కింద దూరి చూశాడు. గోడ దగ్గర స్విచ్ వేసి లేదు. వేశాడు. పైకి లేచేసరికి ఇల్లంతా చప్పట్లు. ఏం చేశావురా అని అడిగితే, "ఏం లేదు, చిన్న ప్రాబ్లమ్" అన్నాడు. అబద్ధమేం ఆడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. తర్వాత ఎవరు ఏ డౌటు అడిగినా తల పంకించి, "చూద్దాంలే" అని తప్పించుకోవడం అలవాటైపోయింది.

అందుకే మేనకోడలికి కాలేజీలో సీటు రాగానే అక్క తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. అక్క ఇంట్లోనే మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. బావ పోయాక ఆ మిషనే వాళ్లిద్దరికీ ఆధారం. "దీనికి లాప్‌టాప్ కావాలంటరా. నాకేం తెలుసు? నువ్వు దగ్గరుండి కొనిపెట్టు" అంది.

"దానిదేముందక్కా, నేను చూసుకుంటాగా" అన్నాడు.

షాపులో రెండు లాప్‌టాప్‌లు బల్ల మీదికొచ్చాయి. ఒకటి కొత్తది, వెండిరంగులో తళతళలాడుతోంది. రెండోది ఏదో కంపెనీ వాళ్లు వాడి వదిలేసింది, నల్లగా, బరువుగా, మూలల్లో గీతలతో ఉంది. ధర దాదాపు ఒకటే. మేనకోడలు నల్లదాన్ని ముట్టుకుని, "మామయ్యా, మా సీనియర్ చెప్పింది, ర్యామ్ ఎనిమిదుంటే మంచిదట. దీన్లో ఎనిమిదుంది. కొత్తదాన్లో నాలుగే ఉంది" అంది.

ర్యామ్ అంటే ఏంటో అతనికి తెలియదు. అడుగుదామా అని నోటిదాకా వచ్చింది. అంతలో సేల్స్‌మన్, "సార్‌కి తెలియనిదేముంది, చూస్తే తెలిసిపోతోంది సార్ ఈ లైన్లోనే ఉన్నారని" అన్నాడు. అతని ఛాతీ కొంచెం ఉబ్బింది.

"ఒకళ్లు వాడి పారేసింది మనకెందుకమ్మా? నాలుగు చాలు" అన్నాడు మేనకోడలితో.

"ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కూడా వేసిచ్చేస్తాం సార్. లైఫ్‌టైమ్. కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది."

అది దేనికో, కాలేజీలో ఇస్తారేమో కనుక్కోకుండానే, "వెయ్యండి" అన్నాడు. మేనకోడలు నల్లదాని మీంచి చెయ్యి తీసేసింది. మామయ్య మాట మీద మాట అనే పిల్ల కాదు.

ఆ లైఫ్‌టైమ్ నలభై రోజులు నడిచింది. మొదటి ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాల్సిన ముందురోజు ఉదయం అతని ఫోను మోగింది.

"మామయ్యా, పైన ఎర్రగా ఏదో వచ్చింది. ఫైలు తెరుచుకుంటోంది కానీ ఒక్క అక్షరం కూడా కొట్టనివ్వడం లేదు. ఇంకా ఆరు పేజీలు రాయాలి. ఏం చెయ్యను?"

కౌంటర్ ముందు క్యూ ఉంది. నాకు తెలియదమ్మా, కాలేజీలో అడుగు, అనడానికి అర నిమిషం పట్టదు. "సర్వర్ డౌనయ్యుంటుంది. కంగారుపడకు, రేపటికి అదే సర్దుకుంటుంది" అన్నాడు.

ఆ పిల్ల నమ్మి కూర్చుంది. మర్నాడూ ఎరుపు పోలేదు. గడువు దాటిపోయింది, సగం మార్కులు కోసేశారు. ఇదంతా అతనికి ఆదివారం అక్క ఇంటికి వెళ్లినప్పుడు తెలిసింది.

వెళ్లేసరికి అక్క, బట్ట ఇచ్చిపోవడానికొచ్చిన ఒకావిడతో మాట్లాడుతోంది. "మా తమ్ముడు ఏరికోరి కొన్నాడండీ. ఇదే ఏవేవో నొక్కి పాడుచేసుకుంది. నాలుగు దులిపాను, రెండు రోజులు పిల్ల అన్నం కూడా సరిగ్గా తినలేదు."

మేనకోడలు మంచినీళ్ల గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చింది. అక్క లోపలికి వెళ్లాక మెల్లగా చెప్పింది. "ల్యాబ్ సార్‌కి చూపించాను మామయ్యా. షాపువాడు ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి వేసింది దొంగ కీ అట, డబ్బు కట్టి కొన్నది కాదట. కాలేజీ మెయిల్‌తో మాకు ఆఫీస్ ఫ్రీగానే ఇస్తారట, వేసిచ్చారు. అమ్మకి నేనే పాడుచేశానని చెప్పాను. నువ్వేం అనకు."

అతను నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. తలెత్తి ఆ పిల్ల మొహం చూడలేకపోయాడు. తను చేసిన తప్పుకి పద్దెనిమిదేళ్ల పిల్ల తిట్లు తిని, పైగా అతని పరువు కాపాడుతోంది. అప్పుడైనా అక్కను పిలిచి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. పనుందని లేచి వచ్చేశాడు.

ఆ రెండు రోజులూ ఎలా గడిపాడో అతనికే తెలియదు. ఒకరి బిల్లు మరొకరి నంబరు మీద కొట్టాడు. రసీదు చేతికిస్తుంటే ఎవరో "థాంక్యూ సార్" అన్నారు. ఆ సార్ అన్న మాటకి ఒళ్లు జలదరించింది. బుధవారం సగం రోజు సెలవు పెట్టి అక్క ఇంటికి నడిచాడు.

మిషను ఆడుతోంది. గుమ్మంలో నిలబడే, "అక్కా, పిల్ల తప్పేం లేదు. నాకు కంప్యూటర్లు రావు" అన్నాడు.

"ఏంట్రా?"

"రావక్కా. ఎప్పుడూ రావు. షాపువాడేం చెబితే దానికి తలూపాను. పిల్ల చెప్పింది వినకుండా కొన్నాను. ఫోన్ చేస్తే కూడా నోటికొచ్చింది చెప్పాను."

మిషను ఆగింది. అక్క సూది కింది గుడ్డ మీద చెయ్యి తియ్యకుండానే తలెత్తింది. డబ్బు ఊసే ఎత్తలేదు. "దాన్ని నేనన్న మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటార్రా?" అంది. "ఆదివారం ఇక్కడే కూర్చున్నావు. దాన్ని తిట్టానని నీ ఎదురుగానే చెప్పాను. నీళ్లు తాగి వెళ్లిపోయావు."

అక్క కూర్చోమనలేదు. మిషను మళ్లీ మొదలైంది. అతను చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

శనివారం మేనకోడలితో కలిసి షాపుకి వెళ్లాడు. ఈసారి మాట్లాడింది ఆ పిల్లే. దొంగ కీ ఎలా అమ్మారని నిలదీసింది. సేల్స్‌మన్ అలవాటు ప్రకారం అతనివైపు తిరిగి, "సార్, మీకు తెలియందేముంది" అని మొదలుపెట్టాడు. "నాకేం తెలియదు. అమ్మాయికి చెప్పండి" అన్నాడతను. పక్కన బేరమాడుతున్న ఇద్దరు తిరిగి చూశారు. చెవులు కాలిపోయాయి.

గంటసేపు వాదిస్తే సాఫ్ట్‌వేర్‌కి తీసుకున్నదానికి బదులు ర్యామ్ ఎనిమిది చేసిస్తామని ఒప్పుకున్నారు, ఇంకొంత డబ్బు కలపాలన్నారు. అది అతను కట్టాడు. వెనక మూత విప్పుతుంటే, అడగడానికి రెండుసార్లు గొంతు సవరించుకుని, "ఇంతకీ ర్యామ్ అంటే ఏంటమ్మా?" అన్నాడు.

"మనం పని చేసుకునే బల్లలాంటిది మామయ్యా. చిన్న బల్లయితే కాగితాలు పట్టవు, పని నెమ్మదిస్తుంది."

"అంతేనా?"

"అంతే."

ఇంత చిన్న సంగతి ఆ రోజు అడిగి ఉంటే సరిపోయేదని అతనికి మళ్లీ తల కొట్టేసినట్టయింది. పోయిన మార్కులు ఎటూ రావు. అక్క మూడు వారాలు ఫోనెత్తలేదు. నాలుగో వారం తనే చేసి, పిల్లకి జ్వరంగా ఉంది, మందు తెచ్చిపెట్టమంది. మాట ముభావంగానే ఉంది. అతను వెంటనే బయల్దేరాడు.

ఆ నెలాఖరులో రెండో కౌంటర్ ఆవిడ, తన కూతురికి లాప్‌టాప్ కొనాలనీ, ఒకసారి వచ్చి చూడమనీ అడిగింది. చూద్దాంలే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదండీ" అన్నాడు. "ముందు కాలేజీలో ఏ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఇస్తారో అమ్మాయిని కనుక్కోమనండి. ఇంకేమైనా ఉంటే మా మేనకోడల్ని అడిగి చెబుతాను."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. అతను మొహం ఎర్రబడుతుండగా కిందికి వంగి, కంతలోంచి వచ్చిన బిల్లు అందుకున్నాడు.