మూడు మెషీన్లకు గ్రహాల పేర్లు

మా ఆఫీసుకు ప్రతి సోమవారం హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. ఆయన కార్డు మీద 'క్లౌడ్ ఆర్కిటెక్ట్' అని బంగారు రంగు అక్షరాల్లో ఉండేది. నేను పదకొండేళ్లు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, చెప్పిందే చెప్పలేక విసుగొచ్చి మానేసి, ఈ పనిలో చేరాను. చదవకుండా పాసైనవాణ్ని గుర్తుపట్టడానికి నాకు ఎక్కువసేపు పట్టదు. ఈయన్ని మొదటి సోమవారం టీ చల్లారేలోపే గుర్తుపట్టాను.

ఆఫీసంటే జహీరాబాద్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం మీద రెండు గదులు. రైతు ట్రాక్టర్ పొలంలో ఆగిపోతే మాకు ఫోన్ చేస్తాడు. దగ్గర్లో ఖాళీగా ఉన్న మెకానిక్‌ను మేం పంపుతాం. ఫోన్లు ఎత్తేది ఆపా, అంటే అక్క, ఆఫీసులో అందరం అలాగే పిలుస్తాం. యాభై దాటిన మనిషి, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడుతుంది, ఎంత కోపంగా ఉన్న రైతునైనా రెండు మాటల్లో చల్లబరుస్తుంది. ఆమె విన్నది కంప్యూటర్లో కొడితే అది వరసలో ఉండి, మెకానిక్ ఖాళీ కాగానే అతని ఫోన్‌కు చేరుతుంది. యజమాని ఒకప్పుడు ట్రాక్టర్ విడిభాగాలు అమ్మినవాడు. మంచివాడే. ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడేవాళ్లను చూస్తే మాత్రం లేచి నిలబడతాడు.

నా పని ఫైళ్లు రాయడం. మా సమాచారమంతా ఎక్కడో దూరాన, పెద్ద పెద్ద కంప్యూటర్లున్న ఒక భవనంలో ఉంటుంది. ఆ కంప్యూటర్లలో కొంత భాగాన్ని విడదీసి, విడిగా ఒక కంప్యూటర్ ఉన్నట్టే మనకు ఇస్తారు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. మాకు అలాంటివి మూడు ఉండేవి. ఎంత పెద్దది కావాలి, డిస్క్ ఎంత, బయటివాళ్లు ఏ దారిన రావాలి, పేరేమిటి, ఇవన్నీ ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసిస్తే, ఒక ప్రోగ్రామ్ అది చదివి అచ్చం అలాగే మెషీన్లను తయారు చేస్తుంది. ఫైల్లో తప్పు రాస్తే మెషీన్ కూడా తప్పుగానే తయారవుతుంది. మనుషుల్లా మొహమాటానికి సర్దుకుపోదు. అందుకే నాకు ఆ పని నచ్చేది.

ఏదైనా మార్చే ముందు ఆ ప్రోగ్రామ్ ఒక జాబితా చూపిస్తుంది. కొత్తగా వచ్చేవేవి, మారేవేవి, పోయేవేవి. పోయేవి ఎర్రటి అక్షరాల్లో ఉంటాయి. అంతా చదివి, సరే అనుకుంటేనే 'యెస్' అని కొట్టాలి. ఆ జాబితా చదవడమే ఈ ఉద్యోగం. మిగతాదంతా టైపింగ్.

ఆర్కిటెక్ట్ గారు ఆ జాబితా ఎప్పుడూ చదివేవాడు కాదు. ఆయన ఫైళ్లు రాసేవాడూ కాదు, తెచ్చేవాడు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టినవి తెచ్చి మా ఫైళ్లలో అతికించేవాడు. ఒకసారి అలా తెచ్చినదాంట్లో ఏదో ఊళ్లోని బేకరీ పేరు అలాగే ఉండిపోయింది. ఇదేంటి సార్ అని అడిగితే, "అది ఊరికే ఉంటుంది, పట్టించుకోకండి" అన్నాడు. స్క్రీన్ వైపు చూడకుండా స్క్రీన్ గురించి గంటసేపు మాట్లాడే విద్య ఆయన దగ్గరే చూశాను.

ఆ చలికాలంలో ఒక సోమవారం ఆయన నా కుర్చీలో కూర్చుని మెషీన్ల పేర్లు చూసి నవ్వాడు. జహీరాబాద్, కోహీర్, మొగుడంపల్లి అని నేనే పెట్టాను.

"ఈ పేర్లేంటి మేడమ్?"

"మెకానిక్‌లున్న ఊర్లు సార్. ఏ మెషీన్ ఎవరిదో చూడంగనే తెలుస్తది."

"మరీ బస్సు బోర్డు చదివినట్టుంది. క్లయింట్లకు చూపిస్తే ఏమనుకుంటారు? గ్రహాల పేర్లు పెడదాం. మార్స్, వీనస్, జూపిటర్. క్లాస్‌గా ఉంటుంది."

అంటూనే ఫైల్లో మార్చేశాడు. ప్రోగ్రామ్ జాబితా చూపించింది. సగం తెర ఎర్రగా ఉంది.

"సార్, పేరు మారిస్తే ఉన్నదానికి కొత్త పేరు రాదు. పాతది డిస్క్‌తో సహా తీసేసి కొత్తది పెడ్తది. ఎర్రగ చూపిస్తుంది, జర చూడున్రి."

"మీరింకా కాలేజీలోంచి బయటికి రాలేదు మేడమ్. క్లౌడ్‌లో ఏదీ పోదు."

"పది నిమిషాలు ఆగున్రి. డిస్కులు కాపీ తీస్త."

"శుక్రవారం తీశారుగా?"

"తీసిన. శుక్రవారం సంది వచ్చిన ఫోన్లు అండ్ల లేవు సార్."

వెనక నిలబడ్డ యజమాని అన్నాడు, "సార్ చెప్తున్నడు కదా మేడమ్. ఆయనకు తెల్వదా?"

ఆయన 'యెస్' కొట్టాడు. నా కీబోర్డు మీద, నా కుర్చీలో కూర్చుని. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాల్సింది. కనీసం గట్టిగా అరవాల్సింది. పక్కన నిలబడి చూశాను. పదకొండేళ్లు పిల్లలకు ధైర్యంగా ప్రశ్నలడగమని చెప్పిన నోరు అప్పుడు మూసుకుపోయింది.

పాతవి మూడూ పోయాయి. కొన్ని నిమిషాల్లో మార్స్, వీనస్, జూపిటర్ వచ్చాయి, కడిగిన గిన్నెల్లా ఖాళీగా. ఆయన ఆ పేర్లను ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. అప్పుడే పక్క గదిలోంచి ఆపా పిలిచింది.

"బహెన్, నా స్క్రీన్ మీదికెళ్లి అందరు పోయిన్రు."

"రిఫ్రెష్ కొట్టమనండి" అన్నాడాయన. ఆపా నాలుగుసార్లు కొట్టింది. ఐదోసారి కొట్టకుండా లేచి వచ్చి మా గుమ్మంలో నిలబడి ఆయన్నే చూసింది. ఆయనకు వెంటనే ఫోన్ వచ్చింది, లేదా వచ్చినట్టు చెవికి పెట్టుకున్నాడు. మాట్లాడుతూ మెట్లు దిగాడు. హైదరాబాద్‌లో అర్జెంటు మీటింగ్ అని యజమానికి కింద నుంచే చెప్పి కారెక్కాడు. మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు. ఆయన భోజనం మానడం అదొక్కసారే చూశాను.

శుక్రవారం కాపీలను కొత్త మెషీన్లలోకి ఎక్కించడానికి నాకు రెండు గంటలు పట్టింది. మెకానిక్‌ల పేర్లు, పాత రిపేర్లు తిరిగొచ్చాయి. శని, ఆదివారాల్లో, సోమవారం పొద్దున వచ్చిన ఫోన్లు మాత్రం రాలేదు. అవి చెరుకు బండ్లు తిరిగే రోజులు, అల్లం తవ్వే రోజులు. ట్రాక్టర్ ఒక్కరోజు ఆగినా రైతు ఓర్చుకోలేని కాలం.

ఆపా తన ఫోన్ తీసి, వచ్చిన కాల్స్ వరస నాకు చూపించింది. "నంబర్లయితే ఉన్నయి గదా. సగం నువ్వు, సగం నేను" అంది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టాం.

"సలాం అన్నా, ట్రాక్టర్ రిపేర్ ఆఫీస్‌కెళ్లి మాట్లాడుతున్న. మొన్న మీరు ఫోన్ చేసిన్రు గదా. ఏం ఖరాబైందో జర మళ్ల చెప్పున్రి" అంది ఆపా, మొగుడంపల్లి దిక్కు రైతుతో. స్పీకర్ పెట్టింది కాబట్టి నాకూ వినబడుతోంది.

"మళ్లెందుకు చెప్పాలె? రాసుకోలేదా?"

"రాసుకున్నమన్నా. పోయింది."

"యాడికి పోయింది?"

ఆపా ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగింది. "యాడికి పోయిందని చెప్పాలె బహెన్?"

"మెషీన్ పేరు మార్చినం, అందుకే పోయిందని చెప్పు" అన్నాను. ఇంకేం చెప్పాలో నాకూ తెలియలేదు.

ఆపా అదే చెప్పింది.

"పేరు మారిస్తే పోయే మెషీన్ ఎందుకు పెట్టుకున్నరమ్మా?" అన్నాడాయన. "సరే, ట్రాక్టర్ వెనక లిఫ్ట్ లేస్తలేదు. జల్ది మనిషిని పంపున్రి."

నాకు దొరికిన నంబర్లలో కోహీర్ దగ్గర ఒకామె ఉంది. ఆదివారం చీకటి పడ్డాక ఫోన్ చేసిందట, నేను తిరిగి చేసేసరికి మంగళవారం సాయంత్రమైంది. "అల్లం తవ్వి కుప్ప పోసినం. ట్రాక్టర్ చాలూ అయితలేదని మీకు చెప్పి, ఇప్పుడొస్తరు అప్పుడొస్తరని రెండు దినాలు చూసినం" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "వేరేటోళ్ల ట్రాక్టర్ తెచ్చుకున్నం. మీరింక రాకున్రి" అని పెట్టేసింది. ఆ ఫోన్ తర్వాత లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద టైర్ల దుకాణంలో ఎవరో నవ్వుతున్నారు. మళ్లీ వచ్చి తర్వాతి నంబరు నొక్కాను.

బుధవారం మధ్యాహ్నానికి అందరితోనూ మాట్లాడాం, ఫోన్ ఎత్తని కొద్దిమంది తప్ప. అంతలో ఆర్కిటెక్ట్ గారి నివేదిక వచ్చింది. నాలుగు పేజీల ఇంగ్లీషు. సారాంశం ఒకటే: స్థానిక సిబ్బంది పెట్టిన పేర్లు పద్ధతిగా లేనందువల్ల మార్పు అవసరమైంది, ఆ మార్పుకు సిబ్బంది ముందుగా సిద్ధపడలేదు. స్థానిక సిబ్బంది అంటే నేను. 'యెస్' ఎవరు కొట్టారన్న సంగతి నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

"ఇది అబద్ధం సార్. మీరు ఆడనే నిలవడి చూసిన్రు" అన్నాను యజమానితో.

ఆయన నా మొహం చూడలేదు. "జర అడ్జస్ట్ గాండ్రి మేడమ్. ఆయనను చూసే పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు."

"నేనైతే దీని మీద సంతకం పెట్ట."

"సంతకం ఎవరడిగిన్రు?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి. "ఊకె చదువుమని ఇచ్చిన."

ఆ వారంలోనే ముందు కాపీలు తీసుకుని, మెషీన్లకు మళ్లీ ఊళ్ల పేర్లు పెట్టి, ఆ కాపీలు వాటిలోకి ఎక్కించాను. ఎవరినీ అడగలేదు. తర్వాత మూడింటికీ ఫైల్లో ఒక్కొక్క వాక్యం చేర్చాను. దాని అర్థం, ఈ మెషీన్‌ను తీసేయమని ఎవరు చెప్పినా వినొద్దు అని. ఇంత చిన్న వాక్యం మొదటి రోజే ఎందుకు రాయలేదా అని నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

రెండు వారాల తర్వాత ఆయన ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్క మాటతో మెషీన్లన్నీ కొత్తగా ఎలా తయారవుతాయో చూపిస్తానని నా కుర్చీలో కూర్చున్నాడు. గ్రహాల పేర్లు మళ్లీ పెట్టి, జాబితా కోసం మీట నొక్కాడు. ప్రోగ్రామ్ ఎర్రగా ఒక సందేశం ఇచ్చి ఆగిపోయింది.

"టూల్ పాడైంది" అన్నాడు.

"పాడు గాలేదు సార్. ఏం రాసిందో చదువున్రి."

చదివాడు. ఆయన ఒక సందేశాన్ని చివరిదాకా చదవడం నేను చూడటం అదే మొదలు. పెదవులు కదులుతున్నాయి. "ఎవరు పెట్టారిది?" అన్నాడు గొంతు తగ్గించి.

"నేనే."

అతిథుల్లో ఒకాయన ముందుకు వంగి చూశాడు. "అంటే పొరపాటున కూడా ఎవరూ చెరపకుండా ముందే ఆపేస్తుందన్నమాట?"

"కరెక్ట్" అన్నాడు ఆర్కిటెక్ట్ గారు, కుర్చీని వాళ్లవైపు తిప్పుతూ. "మా డిజైన్‌లో అదే ముఖ్యం. మీకు చూపిద్దామనే ఇప్పుడు నొక్కాను."

వాళ్లు తలలూపారు. వెళ్లేటప్పుడు ఆయన నా దగ్గర ఆగి, అందరికీ వినబడేలా, "గుడ్ వర్క్ మేడమ్" అన్నాడు. నేను "థాంక్యూ సార్" అన్నాను.

వాళ్లు మెట్లు దిగాక ఆపా అడిగింది, "సాబ్ ఏమన్నడు?"

"మెచ్చుకున్నడు."

"నువ్వేమన్నవ్?"

చెప్పాను. ఆమె వెళ్లి తన ఫోన్ ముందు కూర్చుంది. ఆయన మీద నాకున్న చులకన ఈరోజుకీ ఇసుమంతైనా తగ్గలేదు, దానికి నాకేమీ బాధ లేదు. కానీ ఆ రెండు ముక్కలు ఎందుకన్నానా అని గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఎండాకాలం వచ్చేసరికి ఆయన ఇంకా పెద్ద కంపెనీలో ఇంకా పెద్ద పేరున్న ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆయన స్థానంలోకి ఎవరినీ తీసుకోలేదు. సోమవారాలు ఎవరూ రావడం లేదని మా యజమాని గమనించడానికి రెండు నెలలు పట్టింది.