పొట్లం కాగితంలో వాన

నా చిన్నప్పటి సంగతుల్లో తేదీ వేసి చెప్పగలిగినవి కొద్ది. ఇది ఏ సంవత్సరమో రూఢిగా తెలియదు కనుక చెప్పను. ఆరుద్ర కార్తె అన్నది మాత్రం నిశ్చయం. ఓర్వకల్లు దగ్గరి మా ఊళ్లో విత్తడానికి నేల తడిసేలా ఒక పదును వాన పడి ఆగింది. మళ్లీ వాన వస్తుందని నమ్మకముంటే వెంటనే శెనక్కాయ, అంటే వేరుశనగ, విత్తాలి. రాకపోతే మొలక నేలలోనే మాడిపోతుంది. ఏ ఇంట్లోనైనా విత్తనం ఒక్కసారికే ఉండేది.

ఆ పొద్దున మా నాయన అంగడి నుంచి బెల్లం తెచ్చాడు. పొట్లం కట్టిన పత్రిక ముక్కలో కర్నూలు, కడప జిల్లాల్లో భారీ వర్షాలు కురుస్తాయని ఉంది. అంగట్లోనే దాన్ని చదివిన నాయన, వస్తూ వస్తూ పక్క చేని మామకూ ఆ మాట చెప్పాడు.

హైస్కూల్లో లెక్కలు చెప్పే మా చిన్నాయన ఆ ముక్కను అందుకున్నాడు. తేదీ ఉండాల్సిన పైభాగం చిరిగిపోయింది. ఆయన కాగితాన్ని వెనక్కి తిప్పి, నా చేతికిచ్చి చదవమన్నాడు. అది దీపావళి టపాకాయల దుకాణం ప్రకటన. నేను చదివి ముగించేసరికి నాయన ముఖం పాలిపోయింది. వార్త అబద్ధం కాదు. పోయిన ఏటి నిజం.

నాయన చేని దారి పట్టి పరుగెత్తాడు. వెనకే నేను. మామ అప్పటికే సగం చేను విత్తేశాడు.

“బావా, గొర్రు నిలుపు! ఆ వాన పోయిన దీపావళిదంట!”

“పొద్దున వస్తాదంటివి, ఇప్పుడు రాదంటాండావు. వానేమన్నా నీ జేబులో ఉండాదా?”

“లేదు బావా. తేదీ చూడకుండా చెప్పినా. తప్పు నాదే.”

మామ విత్తే గొర్రును లాగుతున్న ఎద్దులను నిలిపాడు. ఆ కార్తెలో చినుకు పడలేదు. విత్తిన సగం ఎండిపోయింది. తర్వాత వాన వచ్చినప్పుడు నాయన మా విత్తనాల్లోంచి మామకు కొలిచి ఇచ్చాడు. ఆ ఏడు మా చేనులో ఒక చెక్క నేల విత్తనం చాలక బీడుగా మిగిలింది.

పదవీ విరమణ తర్వాత ఇప్పుడు కల్లూరులోని ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లి, ఫోన్లలో వచ్చే వార్తలను ఎలా సరిచూడాలో పిల్లలకు చెబుతున్నాను. తేదీ వెతకడం, మూలం అడగడం వాళ్లు త్వరగానే నేర్చుకుంటారు. తప్పని తేలిన వార్తను ఎవరెవరికి పంపారో, వాళ్లందరికీ తిరిగి చెప్పారా అని అడిగినప్పుడు మాత్రం ఒక్క చెయ్యీ పైకి లేవదు.

వాళ్లను నేను మందలించను. అలా తిరిగి వెళ్లి చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు మామ చేని గట్టు మీద నిలబడి చూశాను. ఇప్పటికీ నేనెవరికైనా పొరపాటు మాట చెప్పానని తెలిస్తే ఫోన్ చేసి ఊరుకోను. నడిచి వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి, తప్పు నాదేనని చెప్పి వస్తాను.